ఇమ్తియాజ్ మేడకి బుల్లిరాజు వేసిన రోడ్డు

బుల్లిరాజుతో పెట్టుకోవద్దని మా గదిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను ముందే చెబుతాను. అరిచే మనిషితో భయం లేదు. నోటికొచ్చినట్టు తిట్టి, టీ తాగి, మరిచిపోతాడు. బుల్లిరాజు అరవడు. "ఆయ్, అలాగేలే" అని నవ్వేసి తన పని తాను చూసుకుంటాడు. ఆ నవ్వు చూసి మెత్తనివాడనుకున్నవాళ్ళంతా తర్వాత ఏడ్చారు. ఇమ్తియాజ్ అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. వాడు ఏడ్చినందుకు నాకేమీ బాధ లేదు, ఆ మాట కూడా ముందే చెప్పేస్తున్నాను.

కువైట్‌లో, మహబూలాలో సముద్రానికి రెండు వీధుల ఇవతల, లిఫ్టు సగం రోజులు పనిచేయని బిల్డింగ్‌లో మా గది. నలుగురం ఉంటాం. నేను సత్యప్రసాద్, కాకినాడవాణ్ణి, సులైబియాలో ఏసీ సామాన్ల గోడౌన్‌లో పని. సిరాజ్‌ది కడప, లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. ఇమ్తియాజ్‌ది రాయచోటి, బైక్ మీద హోటల్ పార్సిళ్ళు ఇళ్ళకు అందిస్తాడు. బుల్లిరాజు మా అందరిలోకీ పెద్దవాడు. అతని ఊరు కోనసీమలో గోదావరి పాయల మధ్య ఒక లంక. పడవ దిగి, ఇసుకలో నడిచి, కొబ్బరి దుంగలు వేసిన కాలువ దాటితే గానీ ఇల్లు రాదు. వానాకాలంలో ఆ దుంగలు కొట్టుకుపోతే ముందుగా నీళ్ళలో దిగి కొత్తవి వేసేది బుల్లిరాజేనట. వేసి ఊరుకోడు. ఎవడు సాయం రాలేదో గుర్తు పెట్టుకుంటాడు.

ఇక్కడ అతని పని హాఫ్‌లారీ నడపడం. చీకటితోనే వఫ్రా వెళ్ళి, తోటల్లో టమాటాలు, కీరా దోసకాయలు ఎక్కించుకుని సులైబియా మార్కెట్‌లో దించాలి. తారు రోడ్డు దిగి తోటలోకి వెళ్ళే దారంతా మెత్తటి ఇసుక. బండి దిగబడిందంటే టమాటాలు ఎండకి ఉడికిపోతాయి, వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని, కఫీల్, తిట్లు వేరే. అందుకని బుల్లిరాజు తీరిక దొరికినప్పుడల్లా ఎండు ఖర్జూరపు మట్టలు, చిరిగిన గ్రీన్‌హౌస్ పట్టాలు ఆ ఇసుక మీద పరిచి చక్రాలకు రెండు బాటలు కట్టాడు. తోట సూపర్‌వైజర్ రోజూ తన కారు కూడా వాటి మీదే పోనిచ్చేవాడు. అదే సూపర్‌వైజర్ ఒకనాడు కూలీలందరి ముందూ బుల్లిరాజుని గాడిద అన్నాడు. బుల్లిరాజు నవ్వాడు. మర్నాడు ఆ బాటల్ని కొంచెం దూరం దూరంగా జరిపాడు, హాఫ్‌లారీ చక్రాలకు సరిపోయేటట్టు, కారు చక్రాలకు సరిపోనట్టు. కారు పొట్ట దాకా దిగబడింది. బుల్లిరాజు పక్కనుంచి పోతూ అద్దం దించి సలాం చెప్పి మరీ వెళ్ళాడు. ఇది నాకు అతనే చెప్పాడు. చెబుతున్నంతసేపూ మొహం వెలిగిపోయింది.

శుక్రవారం మాకు సెలవు. ఇమ్తియాజ్, సిరాజ్ జుమా నమాజు నుంచి రాగానే ఫోన్లలో ఆట మొదలవుతుంది. వంటకి వంతులున్నాయి. వంతు ఎవరిదైతే వాళ్ళు వంటింట్లో ఉంటారు, మిగతా ముగ్గురు ఆడతారు. పొయ్యి దగ్గరున్నవాడి ఇల్లు, పొలం, సామాను ఆటలో ఆ ముగ్గురి కాపలాలో ఉండాలి. మన కోసం వండుతున్నవాడి సొత్తు ముట్టుకోకూడదు. ఇది మా గది కట్టుబాటు. ఇమ్తియాజ్ తప్పేదాకా దీన్ని ఎవరూ తప్పలేదు.

ఆట ఏమిటంటే, ఒక ఖాళీ దీవి. వట్టి చేతులతో దిగుతాం. చెట్లు నరికి, రాళ్ళు కొట్టి, గుడిసె వేసుకుని, పంట పండించుకుని బతకాలి. అడవిలో తోడేళ్ళు ఉంటాయి. అమావాస్య వచ్చిందంటే ఉత్తరాన బురద నేలలోంచి దెయ్యాల దండు లేచి, ఎక్కడ సంపద ఎక్కువుంటే అక్కడికి బయలుదేరుతుంది. చచ్చిపోతే మన మంచం ఉన్నచోట మళ్ళీ లేస్తాం. మన సామాను మాత్రం చచ్చినచోటే పడి ఉంటుంది, తొందరగా వెళ్ళి ఏరుకోకపోతే మాయమైపోతుంది. మంచం కూడా పోతే అందరూ మొదట దిగే సముద్రపొడ్డునే లేవాలి. ఆ దీవి మొత్తం ఇమ్తియాజ్ టాబ్లెట్‌లో ఉంది. అది తెరిచి ఉన్నంతసేపే మేం మా ఫోన్లలోంచి దీవిలోకి వెళ్ళగలం.

మేం నలుగురం కాక ఆ దీవిలో ఇంకో మనిషి ఉంది. బుల్లిరాజు కూతురు వెంకటదుర్గ, ఐదో తరగతి. శుక్రవారం బడి నుంచి రాగానే వాళ్ళమ్మ సూర్యావతి ఫోన్ లాక్కుని ఆ లంకలోంచి మా దీవిలోకి వచ్చేసేది. పిల్లకి నడక రాకముందే బుల్లిరాజు కువైట్ వచ్చాడు. సెలవు మీద వెళ్ళినప్పుడు తప్ప ఆ పిల్లకి తండ్రి అంటే ఫోన్‌లో మొహమే. వీడియోలో "తిన్నావా అమ్మా" అంటే తలూపి తలుపు చాటుకి పోయేది. అంతకు మించి ఇద్దరికీ మాటలు తెలిసేవి కావు. ఆటలో మాత్రం ఆ పిల్ల నోటికి అడ్డు ఉండేది కాదు. సముద్రపొడ్డున గుడిసె వేసుకుంది, చుట్టూ పువ్వులు నాటింది. నాన్న గుడిసె అడవికి అవతల గుట్ట మీద. "నువ్వు తీసుకెళ్ళకు నాన్నా, నేనే వత్తాను మీ ఇంటికి" అనేది. బయలుదేరేది, అడవిలో దారి తప్పేది, తోడేళ్ళ నోట పడేది.

అందుకని బుల్లిరాజు రోడ్డు వేయడం మొదలుపెట్టాడు. కూతురి గుడిసె నుంచి తన గుడిసె దాకా రాళ్ళు పరిచి, మధ్యమధ్యలో దీపస్తంభాలు. వెలుగున్నచోటికి తోడేళ్ళు రావు. రాళ్ళ మీద మనిషి మట్టి మీదకంటే వేగంగా పరుగెత్తుతాడు. అయినా ఆ ఆటలో రాయి సంపాదించడం మామూలు సంగతి కాదు. గనిలో గంటసేపు కొడితే వచ్చేది నాలుగు అడుగుల రోడ్డు. వారాల తరబడి కొట్టాడు.

ఇమ్తియాజ్‌కి ఇది పెద్ద నవ్వులాట అయింది.

"పొద్దంతా రోడ్ల మీద సచ్చి ఇంటికొస్తే, ఈడ ఆటలో కూడా రోడ్డేనా? ఆ రాళ్ళతో ఇల్లు కట్టుకోవచ్చు గదన్నా. గోడ కట్టుకోవచ్చు. రోడ్డు ఏసి ఎవురిని ఉద్ధరిస్తావు?"

"మా పాప రావాలి కదా బాబూ."

"గుర్రం పట్టుకుంటే రెండు నిమిషాల్లో వస్తాది. రోడ్డు అంటే ఉత్త దండగ. ఏమంటావు సిరాజ్?"

సిరాజ్ గోడమీద పిల్లిలా, దీపాలు పెడితే చాలు కదా, రాళ్ళెందుకు అన్నాడు. ఎంత మేడ కట్టినా దాని దగ్గరకి పోవడానికి దారి కావాలి కదా అన్నాను నేను. ఆ వాదన వారం వారం నడిచేది. బుల్లిరాజు వాదించేవాడు కాదు, రాళ్ళు పరిచేవాడు. ఇమ్తియాజ్ అతనికి రోడ్డు మేస్త్రి అని పేరు పెట్టాడు.

రోడ్డు పూర్తయిన శుక్రవారం వెంకటదుర్గ ఒక్కతే నడిచి వచ్చింది. తండ్రి గుడిసెలో కూర్చుని బడిలో ఎవరు ఎవరిని గిల్లారో, పడవ మీద ఎవరికి వాంతులయ్యాయో అన్నీ చెప్పింది. బుల్లిరాజు ఫోన్ చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేది. ఒకసారి చేపలు, ఒకసారి గవ్వలు తెచ్చేది. ఆ రోజుల్లో మా గదిలో బుల్లిరాజు ఈలలు వినబడేవి. అన్నేళ్ళ నుంచి చూస్తున్నాను, అతనికి ఈల వేయడం వచ్చని నాకు తెలియదు.

ఇమ్తియాజ్‌కి మేడ కట్టాలని బుద్ధి పుట్టింది. మూడంతస్తులు, చుట్టూ ప్రహరీ. రాయచోటిలో ఉన్న భార్య ఫర్హత్‌కి, బావమరుదులకి వీడియో తీసి పంపాలి. రాయి చాలలేదు. ఒక శుక్రవారం వంట వంతు బుల్లిరాజుది. నేను గోడౌన్‌లో ఓవర్‌టైమ్‌లో ఉన్నాను. సిరాజ్ జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడు. బుల్లిరాజు వంటింట్లో నలుగురికీ చేపల పులుసు కాస్తుంటే, వీడు గదిలో చల్లగా కూర్చుని ఆ రోడ్డు మొత్తం తవ్వేశాడు. దీపస్తంభాలు కూడా పీకి మేడకి పెట్టుకున్నాడు. పెట్టుకుని, వచ్చి, ఆ పులుసే వేసుకుని రెండుసార్లు తిన్నాడు. ఈ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజే వెంకటదుర్గ ఒక దూడని తీసుకుని బయలుదేరింది. చిన్నప్పటి నుంచీ గడ్డి పెట్టి తానే పెంచిన దూడ, నాన్నకి ఇద్దామని. రోడ్డు కనబడలేదు. ఎక్కడో ఉంటుందని అడవిలోకి పోయింది. దీపాలు లేవు. తోడేళ్ళు ముందు దూడని తిన్నాయి.

బుల్లిరాజు చేతులు కడుక్కుని వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. స్పీకర్ పెట్టాడు. నేను అప్పుడే బూట్లు విప్పుతున్నాను.

"రోడ్డు ఎందుకు తీసేసేవు?" అంది ఆ పిల్ల, ఏడుస్తూ. "నేను రావడం నీకిట్టం లేదు. అందుకే తీసేసేవు."

"నేను తియ్యలేదమ్మా..."

ఫోన్ పెట్టేసింది. తర్వాత సూర్యావతి చేసి, పిల్ల అన్నం తినడం లేదని, మీ పేరెత్తితే మొహం తిప్పేసుకుంటోందని చెప్పింది. బుల్లిరాజు ఇమ్తియాజ్ వైపు చూశాడు.

"రాళ్ళు అందరివి గదన్నా," అన్నాడు వాడు ముల్లు తీసుకుంటూ. "చిన్నబిడ్డ ఆటకి అంత బాధెందుకు? పులుసు మాత్రం బ్రమ్మాండంగా ఉండాది."

నేను లేచాను. వాణ్ణి కొట్టేవాణ్ణే. బుల్లిరాజు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత నవ్వాడు.

"ఆయ్, పోనీలే బాబూ. తిను."

వారం గడిచింది. వెంకటదుర్గ ఫోన్ దగ్గరకి రాలేదు. ఇంకో వారం గడిచింది, అయినా రాలేదు. బుల్లిరాజు రోజూ సులైబియా మార్కెట్‌లో లోడు దించి బండిలో కూర్చుని ఇంటికి ఫోన్ చేసేవాడు. సూర్యావతి మాట్లాడేది. వెనకాల పిల్ల గొంతు వినబడేది, ఇటు మాత్రం వచ్చేది కాదు. ఈలలు ఆగిపోయాయి. ఇమ్తియాజ్ మాత్రం మేడ వీడియోలు పంపుకుంటూ, బావమరుదుల పొగడ్తలు మాకు వినిపిస్తూ ఊరేగాడు.

అప్పుడొక శుక్రవారం బుల్లిరాజు వాడి పక్కన చేరి, "ఇమ్తియాజూ, ఇంత మేడ కట్టేవు, రోడ్డు లేకపోతే అందవేవుంది?" అన్నాడు. "ఉత్తరానున్న ఇనప గుట్ట దాకా నేనేస్తాను. ఏరు మీద వంతెన కూడా ఏసేద్దాం. ఇనుం బండి మీద తెచ్చుకోవచ్చు నువ్వు."

ఇమ్తియాజ్ పొంగిపోయాడు. మా వైపు తిరిగి, "సూసినారా? రోడ్డు యాడికి ఎయ్యాలో మేస్త్రికి ఇప్పుడు తెలిసొచ్చినాది" అన్నాడు.

మేడకి ఉత్తరాన ముళ్ళపొదల అడవి, దాని వెనక ఏరు, ఏటికి అవతల ఇనుప గుట్ట, గుట్ట వెనక బురద నేల. దెయ్యాలు నీళ్ళలో దిగవు. అమావాస్యకి లేచిన దండు ఏటి గట్టున నిలబడి అరిచి అరిచి తెల్లవారితే మాయమయ్యేది. తన ప్రహరీ చూసి భయపడుతున్నాయని ఇమ్తియాజ్ నమ్మకం. బావమరుదులకి కూడా అలాగే చెప్పుకున్నాడు.

బుల్లిరాజు ముళ్ళపొదలు నరికాడు. మేడ గుమ్మం నుంచి తిన్నగా, బండి పట్టేంత వెడల్పున రాళ్ళు పరిచాడు. ఇనుప గుట్ట దగ్గర ఆగకుండా ఇంకొంచెం ముందుకు, బురద అంచు దాకా వేశాడు. బండి తిప్పుకోవడానికని అన్నాడు. ఇమ్తియాజ్ సరే అన్నాడు. ఎదురు తానే మేడలో దాచుకున్న రాళ్ళు తీసి ఇచ్చాడు. రోడ్డుకి అడ్డంగా ఉందని ఉత్తరపు ప్రహరీ కూల్చి వెడల్పాటి గుమ్మం పెట్టించాడు కూడా. అంతా అయ్యాక ఏటి మీద వంతెన కట్టి, మధ్యలో మూడు పలకలు మాత్రం వేయకుండా వదిలేశాడు బుల్లిరాజు.

నాకప్పుడు వెలిగింది. "రాజన్నయ్యా, ఆ పలకలు?" అన్నాను.

"చెక్క అయిపోయింది సత్తిబాబూ," అన్నాడు. "వాడి వంట వంతు రోజుకి దొరుకుద్ది."

నేను సిరాజ్‌కి చెప్పాను. సిరాజ్ కాసేపు ఇస్త్రీ చేసుకున్న చొక్కా మడతలు చూసుకుని, "నాకేం తెల్దు, నేనేం సూడలేదు" అన్నాడు. నాకు మాత్రం ఆ అమావాస్య కోసం ఎదురుచూడటంలో నిద్ర పట్టేది కాదు. పెళ్ళికి వెళ్ళే పిల్లాడిలా అయిపోయాను.

ఆటలో అమావాస్యా, ఇమ్తియాజ్ వంట వంతూ ఒకే శుక్రవారం పడ్డాయి. వాడు తన మనిషిని మేడ పై అంతస్తులో మంచం మీద పడుకోబెట్టి, టాబ్లెట్ తెరిచి ఉంచి, "నా మేడ సూసుకోండప్పా" అని చెప్పి బిర్యానీకి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళాడు. బుల్లిరాజు వంతెన మీదికి నడిచి మూడు పలకలూ వేశాడు. వచ్చి గుట్ట మీద తన గుడిసె ముందు కూర్చున్నాడు. ఇక్కడ గదిలో, వఫ్రా నుంచి తెచ్చిన దోసకాయ కోసి, ఉప్పు అద్ది, నాకో ముక్క ఇచ్చాడు.

దండు లేచింది. బురదలోంచి వస్తున్నప్పుడు ఈడుస్తున్న కాళ్ళు రాళ్ళ మీద పడగానే పరుగు అందుకున్నాయి. రోడ్డు మీద మనిషికి వచ్చే వేగం దెయ్యానికీ వస్తుంది, అందులో పక్షపాతం లేదు. వంతెన మీద బారులు తీరి, ఉత్తరపు గుమ్మంలోంచి నేరుగా లోపలికి వెళ్ళాయి. కింది అంతస్తు కూలింది. మంటలు లేచాయి. మంచం కాలింది, మంచం మీద మనిషీ పోయాడు. నాకు కడుపు నిండిపోయింది, ఇంకా అన్నం తినకుండానే.

చప్పుళ్ళు విని ఇమ్తియాజ్ గరిటతో పరుగెత్తుకొచ్చాడు. టాబ్లెట్‌లో వాడి మనిషి సముద్రపొడ్డున వట్టి చేతులతో నిలబడి ఉన్నాడు.

"వండేవాడి సొమ్ము ముట్టుకోరాదు గదా!" అని అరిచాడు.

"అవును కదా," అన్నాడు బుల్లిరాజు.

ఇమ్తియాజ్ గరిట పారేసి టాబ్లెట్ అందుకున్నాడు. మేడ దగ్గర పడి ఉన్న సామాను మాయమయ్యేలోగా వెళ్ళాలి. అడవిలో పడ్డాడు. దారి లేదు, దీపాలు లేవు, ఎటు వెళ్తున్నాడో తెలియదు. తోడేళ్ళు తిన్నాయి. మళ్ళీ లేచాడు, మళ్ళీ తిన్నాయి. గుర్రం పట్టుకోమని నేను సలహా ఇచ్చాను. ఈలోగా బిర్యానీ అడుగంటింది, సామాను మాయమైంది. మేం ముగ్గురం ఆ మాడు బిర్యానీ గిన్నె గీకి తిన్నాం. అంత రుచైన అన్నం నేను కువైట్‌లో తినలేదు.

"దీవే తీసేస్తా," అన్నాడు ఇమ్తియాజ్. "నా టాబ్లెట్ ఇది. ఖలాస్!"

"తీసెయ్," అన్నాడు సిరాజ్, మొట్టమొదటిసారి ఒక పక్కకి నిలబడి. "శుక్రవారం నువ్వొక్కనివే కూర్చోని ఆడుకో. మీ బావమరుదులకి ఏం సూపిస్తావో సూపియ్."

తీయలేదు. తీస్తే మేడ కూలిందని ఒప్పుకున్నట్టే కదా, వాళ్ళకి ఏం చెబుతాడు? ఇంకో శుక్రవారం కూడా ఒడ్డు నుంచి అడవిలోకీ, అడవి నుంచి తోడేలు నోట్లోకీ తిరిగి, చివరికి బుల్లిరాజు మంచం దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"అన్నా, ఒక దారి ఏసియ్యన్నా."

"రోడ్డు దండగ కదా బాబూ."

వాడు టాబ్లెట్ తెచ్చి బుల్లిరాజు ముందు పెట్టాడు.

"రాళ్ళు నీ మేడలోనే ఉన్నాయి. ఎలాగా కూలిపోయింది, ఏరుకోవడం తేలికే," అన్నాడు బుల్లిరాజు. "ఒక్కసారి దివిటీ పట్టుకుని నిన్ను అక్కడ దింపుతాను. ఆ రాళ్ళు తెచ్చి, ముందెక్కడ తవ్వేవో అక్కడే, మా పాప గుమ్మం కాణ్ణించి నా గుమ్మం దాకా నువ్వే పరువు. దీపాలు కూడా. అదయ్యాకే నీ మేడ."

వాడు పరిచాడు. శుక్రవారాలు కరిగిపోయాయి. బుల్లిరాజు వెనకాల నడుస్తూ వంకరగా ఉన్న రాయిని చూపించి పీకించేవాడు. ఒకచోట మూడుసార్లు పీకించాడు. నాకైతే అది వంకరగా కనబడలేదు. ఆ మాట నేను ఇమ్తియాజ్‌కి చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ లేదు.

గుట్ట ఎక్కే చోట కొంచెం మిగిలి ఉండగా సూర్యావతి ఎలాగో బతిమాలి పిల్లని ఆటలోకి పంపింది. బుల్లిరాజు ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆటలో తన గుడిసె ముందు నిలబడ్డాడు. మాకు ఆ పిల్ల అడుగుల చప్పుడు వినబడుతోంది, రాళ్ళ మీద పడుతున్న అడుగులు. చాలాసేపటికి అడుగులు ఆగాయి.

"నాన్నా," అంది. అన్ని వారాల తర్వాత అదే మొదటి మాట. "ఇక్కడెవరో అంకుల్ రాళ్ళు పరుత్తున్నాడు. ఎవరు?"

ఎదురు మంచం మీద ఇమ్తియాజ్ టాబ్లెట్‌లోంచి తలెత్తాడు. వద్దన్నట్టు చూశాడు. బుల్లిరాజు ఆ చూపు చూశాడు, చూసి, ఫోన్ ఇంకొంచెం దగ్గరికి తీసుకున్నాడు.

"మన రోడ్డు తవ్వేసింది ఆయనేనమ్మా. నేను కాదు."

పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. ఇమ్తియాజ్ గొంతు సవరించుకున్నాడు, సారీ చెప్పడానికే అనుకుంటాను.

"సరే నాన్నా," అంది వెంకటదుర్గ. "నేను కాసేపాగి వత్తాను. ఈయన సరిగ్గా పరుత్తున్నాడో లేదో ఇక్కడే నుంచుని చూత్తాను."